కొల్లేట్లో దీపాలు

మా అమ్మమ్మ వాళ్ల ఊరు కొల్లేటి లంకల్లో ఒకటి. కైకలూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి గట్టు మీద నడక, గట్టు అయిపోయాక తాటిదోనె. ఇప్పుడు రోడ్డు పడి ఇంటి ముందుకే ఆటో వెళ్తోంది గానీ, నేను చెప్పేది 1980ల మొదట్లో మాట. అప్పటికి చేపల చెరువులు ఇంకా మా వైపు దాకా రాలేదు. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే నీళ్లకి ఊరి చుట్టూ కనుచూపు మేర నీళ్లే. సంక్రాంతి నాటికి ఆ నీళ్లు వెనక్కి తగ్గి, ఒడ్డెంబడి నల్లటి బురద, కుళ్లిన కిక్కిస గడ్డి, గుర్రపుడెక్క బయటపడేవి. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ అమ్మమ్మే గుర్తొస్తుంది.

కరెంటు ఉన్నా లేనట్టే. పొద్దుగూకితే లంకంతా చీకటి. ఆ చీకట్లో పెద్దవాళ్లెవరూ కొరివి దెయ్యం అని పైకి అనేవాళ్లు కాదు. "రాత్రి పడమటేపు దీపాలు లేచాయంట" అనేవాళ్లు. ఆ ఒక్క ముక్కకే పిల్లలం అమ్మమ్మ పక్కకి చేరిపోయేవాళ్లం. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు దాన్ని చూసినవాళ్లే. తెల్లారుజామున చేపలు పట్టే మావులు ఎత్తడానికి వెళ్లిన మా తాతయ్యకి అది దోవ తప్పించి, కిక్కిస పొదల చుట్టూ తిప్పి తిప్పి, తెల్లవారాక గానీ వదల్లేదట. దానికి బోలెడు కట్టుబాట్లు. వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదు. చుట్ట వెలిగించుకుంటే దగ్గరికి రాదు. మొలలో ఇనప ముక్క ఉంటే ఏమీ చెయ్యదు. అన్నిటికన్నా ముఖ్యం, దాని వైపు తేరిపార చూడకూడదు.

పక్కింటి బుజ్జి నా ఈడుది. సెలవులకి నేను వెళ్తే అది మా ఇంట్లోనే తిని మా ఇంట్లోనే పడుకునేది. అంతకుముందు వచ్చిన వరదలో దోనె తిరగబడి వాళ్లమ్మ పోయింది. వాళ్ల నాన్న వలలు అల్లుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా అరుగు మీద కూర్చుని ఉండేవాడు. వాళ్లమ్మ పోయిన దగ్గర్నుంచి ఊళ్లో దీపాల గురించి మాట మారింది. అంతకుముందు అది ఉత్త దెయ్యం. ఇప్పుడు దానికి ఒక పేరొచ్చింది. బుజ్జి వినేలాగానే అనేవాళ్లు.

ఆ ఏడు సంక్రాంతి చీకటి రాత్రుల్లో వచ్చింది. కనుమ నాడు పక్క లంకలో ఉన్న మా పిన్నమ్మమ్మకి ఒంట్లో బాగోలేదని కబురొస్తే మావయ్య బయల్దేరాడు. కనుమ నాడు కాకి కూడా కదలదురా అని అమ్మమ్మ మొత్తుకుంది. మావయ్య వినలేదు. నేనూ బుజ్జీ ఏడ్చి మరీ దోనెలో ఎక్కాం. వెళ్లడం బాగానే వెళ్లాం. భోజనాలయ్యి తిరుగు ప్రయాణం అయ్యేసరికి బాగా పొద్దుపోయింది. నీటి మీద పల్చగా మంచు. దోనె ముందు హరికేన్ లాంతరు పెట్టి, మావయ్య వెనక నిలబడి గెడ వేస్తున్నాడు. గెడ బురదలోంచి పైకి లాగినప్పుడల్లా అడుగునుంచి బుడబుడమని బుడగలు లేచేవి. ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ముందు చూసింది నేనే. ఎడమ పక్కన, నీరు తగ్గి బురద తేలిన చోట, కుళ్లిన కిక్కిస మధ్య నీలంగా ఒక వెలుగు. అరచెయ్యంత ఉంటుంది. నీటికి జానెడు ఎత్తున నిలబడి ఉంది. మంటకి ఉండే ఎరుపు లేదు, చిటపటలు లేవు, పొగ లేదు. మావయ్య కూడా చూశాడు. గబుక్కున వంగి లాంతరు ఊదేశాడు. లాంతరు ఆరాక అది ఇంకా స్పష్టంగా కనపడింది.

"అటు చూడమాకండి. నోరు మెదపమాకండి" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

నేను చూస్తూనే ఉన్నాను. కళ్లు తిప్పుకోవడం నా చేతిలో లేదు. ఆ వెలుగు ఒకసారి సాగి రెండయింది. ఒకటి అక్కడే ఉండిపోయింది. రెండోది దోనె కదిలితే కదిలింది, ఆగితే ఆగింది. నాకు చెమటలు పడుతున్నాయి, పళ్లు కొట్టుకుంటున్నాయి, అయినా లోపల ఎక్కడో ఇంత అందమైనది నేను ఇంతవరకూ చూడలేదనే మాట ఒకటి మెదులుతూనే ఉంది. అప్పుడు బుజ్జి మోకాళ్ల మీద లేచి, దోనె అంచు పట్టుకుని, మామూలుగా ఇంట్లో పిలిచినట్టే "అమ్మా" అంది.

మావయ్య గెడ వదిలేసి దాని నోరు మూశాడు. దోనె ఒరిగింది. మేం సర్దుకుని చూసేసరికి వెలుగు లేదు.

నాకు జ్వరం వచ్చింది. అమ్మమ్మ దిష్టి తీసింది, చేతికి తాయెత్తు కట్టించింది, పెద్దింట్లమ్మకి మొక్కుకుంది. నా జ్వరం నాలుగు రోజులకి తగ్గింది. బుజ్జి సంగతి అలా తేలలేదు. "పిల్ల పిలిస్తే దీపం ఆరిపోయింది, ఇంకేం సాక్ష్యం కావాలి" అని ఊరు తీర్మానించేసింది. అవతలి గట్టు నుంచి ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. దాన్ని ముగ్గులో కూర్చోబెట్టి, మిరపకాయల పొగ వేసి, వేపమండలతో కొట్టాడు. నన్ను ఆ దరిదాపులకి రానివ్వలేదు. మర్నాడు బుజ్జిని బావి దగ్గర చూశాను. మోచేతి నుంచి భుజం దాకా ఎర్రటి వాతలు. అది ఏడవడం లేదు. "మా అమ్మ దెయ్యమే అయితే నన్నెందుకు భయపెడుతుందే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఏడు నేను వెళ్లేసరికి వాళ్ల నాన్న దాన్ని తీసుకుని ఊరొదిలి భీమవరం వైపు వెళ్లిపోయాడు. ఆ ఇంటి ముందు ఎవరూ నడవడం లేదు.

ఆ వెలుగు ఏంటి? నా జీవితంలో నేను అడిగిన ప్రశ్నల్లో మొదటి సొంత ప్రశ్న అదే. నలభై ఏళ్లుగా దెయ్యాల వెనక తిరుగుతున్నానంటే దానికి కారణం ఆ నీలం రంగు, ఆ వాతలు. రెండూ కలిసే నాలో ఉండిపోయాయి.

ఏలూరులో హైస్కూల్లో మా సైన్సు మాస్టారికి భయపడుతూనే ఈ కథ చెప్పాను. ఆయన నవ్వలేదు. ఎంత ఎత్తున ఉంది, గాలి ఎటు వీస్తోంది, నేల తడిగా ఉందా, వాసన వచ్చిందా అని అడుగుతూ పోయారు. ఒక పెద్దాయన నన్ను అలా అడగడం అదే మొదలు. ఆదివారం పూట మమ్మల్ని ఊరి చివర ఒక మురుగు చెరువుకి తీసుకెళ్లారు. సీసా నిండా నీళ్లు నింపి, నీటిలోనే తలకిందులుగా పట్టుకుని, మూతికి గరాటు బిగించి, కింద బురదని కర్రతో కెలకమన్నారు. బుడగలు ఒక్కొక్కటే గరాటులోంచి సీసాలోకి ఎక్కాయి. నీరు దిగింది, పైన ఖాళీ ఏర్పడింది. సీసా మూతి బొటనవేలితో మూసి పైకి తీసి, అగ్గిపుల్ల దగ్గర పెట్టి వేలు తీశారు. పగటి వెలుగులో మొదట ఏమీ కనపడలేదు. చేతులు అడ్డం పెట్టి నీడ చేశాక కనపడింది. సీసా మూతి దగ్గర పల్చటి నీలి మంట, ఒక్క క్షణం సీసాలోకి జారి ఆరిపోయింది.

నేను చూసిన రంగు అదే.

ఇటలీలో వోల్టా అనే ఆయన 1776లో మజ్జోరే సరస్సు ఒడ్డున సరిగ్గా ఇదే పని చేశాడని, ఆ గాలి పేరు మీథేన్ అని మాస్టారు చెప్పారు. ఆకులూ గడ్డీ గాలి తగలకుండా బురద కింద కుళ్లితే పుడుతుంది. కొల్లేట్లో దానికి కొదవేముంది! మావయ్య గెడ లాగినప్పుడల్లా లేచిన బుడగలు నాకు అప్పుడు అర్థమయ్యాయి. అయితే నా పక్కనున్న పిల్ల ఒక ప్రశ్న వేసింది. "ఇక్కడ మనం అగ్గిపుల్ల గీశాం. అక్కడ ఎవరు గీశారు సార్?" మాస్టారు చాలాసేపు ఆలోచించి, మంచి ప్రశ్న అన్నారు.

నిజంగానే మంచి ప్రశ్న. మీథేన్ దానంతటది అంటుకోదు. చేపలు, ఎముకలు కుళ్లిన చోట ఫాస్ఫీన్ అనే వాయువు పుడుతుందని, దాంతోపాటు కొద్దిగా వచ్చే డైఫాస్ఫేన్ గాలి తగలగానే అంటుకుని మిగతా దాన్ని వెలిగిస్తుందని పుస్తకాల్లో రాశారు. చాలామంది అక్కడితో ఆపేస్తారు. కానీ ఫాస్ఫీన్ మండితే తెల్లటి పొగ రావాలి, ఘాటు వాసన రావాలి. మా తాతయ్య చూసినదాన్లో పొగ లేదు, నేను చూసినదాన్లో పొగ లేదు. యూరప్‌లో వందల ఏళ్ల నాడు చూసినవాళ్లలో కొందరు కూడా చల్లటి నీలి వెలుగు అనే రాశారు. కొరివి దెయ్యం అంటే గ్యాసే కదా అని చెయ్యి ఊపేసేవాళ్లంటే నాకు అందుకే అసహనం. చూసినవాడు ఏం చూశాడో పూర్తిగా వినకుండా చెప్పే జవాబు, అది సైన్సు మాటల్లో ఉన్నా సరే, మా ఊరి తీర్మానం లాంటిదే. మా తాతయ్య అబద్ధం చెప్పలేదు. బుజ్జి అబద్ధం చెప్పలేదు. వాళ్లు చూశారు. ఏం చూశారో కనుక్కోవడమే మన పని.

విజయవాడలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ప్లాంచెట్ పిచ్చి ఉండేది. చార్టు మీద అక్షరాలు రాసి, మధ్యలో రూపాయి బిళ్ల పెట్టి, తలా ఒక వేలు ఆనించి, కొవ్వొత్తి వెలుగులో ఆత్మని పిలవడం. బిళ్ల కదిలేది. ఎవరూ కావాలని తోసేవాళ్లు కాదు, నా వేలు కూడా దాని మీదే ఉంది, నాకు తెలుసు. మైకేల్ ఫారడే అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1853లోనే దీని మీద ప్రయోగం చేశాడని లైబ్రరీలో చదివాను. లండన్‌లో అప్పట్లో బల్లల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే బల్లలు తిరిగేవట. ఆయన చేతులకీ బల్లకీ మధ్య కదిలే అట్టముక్కలు పెట్టి చూస్తే, బల్ల కన్నా ముందు చేతులే కదులుతున్నాయని తేలింది. తమ చేతులు కదలడం ఒక సూచిక మీద కళ్లారా చూసుకునేలా ఏర్పాటు చేస్తే బల్ల తిరగడమే మానేసింది.

నేను మా హాస్టల్లో ఇంకోలా చేశాను. అందరి కళ్లకీ గంతలు కట్టి, చప్పుడు కాకుండా చార్టుని సగం తిప్పేశాను. బిళ్ల ఎప్పటిలాగే చురుగ్గా కదిలింది. కానీ అక్షరాలు ఇంతకుముందు ఎక్కడున్నాయో అక్కడికి వెళ్లింది, ఇప్పుడున్న చోటికి కాదు. గంతలు విప్పాక ఒకమ్మాయి ఏడ్చేసింది. వాళ్ల అన్నయ్య పోయి అప్పటికి ఆర్నెల్లు కూడా కాలేదు. ఆ రాత్రంతా దాని పక్కన కూర్చున్నాను. అది అన్నయ్య గురించి మాట్లాడుతూనే ఉంది. బిళ్ల కదిలినన్నాళ్లూ ఒక్కసారి కూడా అంతసేపు మాట్లాడలేదు.

పటమటలో నాస్తిక కేంద్రానికి వెళ్లడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. గోరా గారు 1940లో మా కృష్ణా జిల్లా ముదునూరులో పెట్టి, 1947లో విజయవాడకి మార్చిన సంస్థ. నేను వెళ్లేనాటికి ఆయన లేరు. నిప్పుల మీద నడవడంలో మహిమ లేదని చెప్పడానికి వాళ్లు నడిచి చూపించేవాళ్లు. 1983లో మెదక్ జిల్లాలో బాణామతి భయం ఊళ్లని పట్టి పీడిస్తుంటే డాక్టర్లని, మానసిక వైద్యులని వెంటబెట్టుకుని అక్కడ తిరిగిన సంగతులు అక్కడే విన్నాను. చేతబడి చేశారని అనుమానించి మనుషుల పళ్లు ఊడగొట్టడం, చెట్టుకి కట్టేసి కొట్టడం, తగలబెట్టడం. విన్నప్పుడల్లా నాకు బావి దగ్గర బుజ్జి భుజమే కనపడేది. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వచ్చాక మా ఊళ్ల వైపు కూడా ప్రదర్శనలు జరిగాయి. పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ చుక్కలు వేసి అగ్గిపుల్ల లేకుండా హోమం వెలిగించి చూపిస్తే పిల్లల కళ్లు చూడాలి!

ఉద్యోగంలో చేరాక, ఎవరింట్లోనైనా ఏదో ఉందని కబురొస్తే సెలవు రోజుల్లో వెళ్లడం నాకు అలవాటైపోయింది. నా పద్ధతి మాస్టారు నేర్పినదే. ముందు వినడం. ఇంట్లోవాళ్లని విడివిడిగా కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరి చెవిన పడకముందే రాసుకోవడం. ఏ గదిలో, ఏ వేళప్పుడు, ఎటు తిరిగి పడుకుంటే అని అడగడం.

ఒక ఇల్లు మర్చిపోలేను. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు. తెల్లవారుజామున మెలకువొచ్చి చూస్తే నల్లటి మనిషి గుండెల మీద కూర్చుని ఉంటాడు, అరవబోతే గొంతు రాదు, చెయ్యి కదలదు. అత్తగారు అప్పటికే తాయెత్తులు, దర్గా, గుడి అన్నీ తిప్పింది. అమ్మాయికి ఏదో పట్టిందని పుట్టింటికి పంపేసే మాట కూడా నడుస్తోంది. నేను ఆ అమ్మాయికి చెప్పింది ఇదే. కలలు వచ్చే నిద్రలో మనం లేచి పరిగెత్తకుండా ఒళ్లు దానంతటదే బిగుసుకుపోతుంది. ఒక్కోసారి మెదడు ముందు మేలుకుంటుంది, ఒళ్లు ఇంకా మేలుకోదు. ఆ కాసేపట్లో కల కళ్ల ముందే నడుస్తుంది, ఛాతీ మీద బరువు నిజంగానే తెలుస్తుంది. నిద్ర చాలకపోతే, టెన్షన్ ఎక్కువైతే, వెల్లకిలా పడుకుంటే ఎక్కువ. దీన్ని నిద్ర పక్షవాతం అంటారు, ప్రపంచమంతా ఉంది. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అయితే నాకు పిచ్చి లేదు కదండీ" అని అడిగింది. ఆ ఇంట్లో దెయ్యం కన్నా ఆ పిల్లని ఎక్కువ భయపెట్టింది ఆ మాట. అత్తగారే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె చెడ్డ మనిషి కాదు, భయపడ్డ మనిషి.

ఈ పరిశోధనల్లో నాకు బాగా ఇష్టమైనవాడు విక్ టాండీ అనే ఇంగ్లండ్ ఇంజనీరు. ఆయన పనిచేసే ల్యాబులో కొందరికి ఊరికే దిగులు, ఆయనకైతే చెమట, కంటి కొసన బూడిద రంగు ఆకారం. ఒకరోజు కత్తిసాము పోటీకని తెచ్చిన కత్తిని బాగుచేసుకోవడానికి బిగిస్తే, ఎవరూ ముట్టుకోకుండానే అది ఊగడం మొదలెట్టింది. వేరేవాడైతే పరిగెత్తేవాడు. ఆయన కత్తిని గదిలో అటూ ఇటూ జరుపుతూ ఎక్కడ ఎక్కువ ఊగుతుందో కొలిచాడు. కొత్తగా పెట్టిన ఫ్యాను వల్ల చెవికి వినపడనంత మంద్రమైన ధ్వని, సెకనుకి దాదాపు 19 కంపనాలు, గదిలో నిలబడిపోయిందని తేల్చి 1998లో అచ్చేశాడు. ఫ్యాను బిగింపు మార్చగానే దెయ్యం పోయింది. భయపడుతూనే కొలవడం, అదే నాకు నచ్చింది.

ఇప్పుడు టీవీల్లో, ఫోనుల్లో దెయ్యాల వేట అని చేతిలో లైట్లు వెలిగే మీటర్లు పట్టుకుని తిరుగుతున్నారు. ఆ మీటరు కొలిచేది విద్యుదయస్కాంత క్షేత్రాన్ని. గోడలో వైరున్నా, జేబులో ఫోనున్నా వెలుగుతుంది. ముందు ఇంట్లో మెయిన్ స్విచ్ కట్టేసి చూశారా అని అడిగితే జవాబుండదు. 2017లో విశాఖపట్నంలో కడుతున్న ఒక భవనంలో ముగ్గురు గ్రహాంతరవాసులు నిలబడ్డారని ఒక వీడియో ప్రపంచమంతా తిరిగింది. తెల్లటి ముఖాలు, నల్లటి గుండ్రటి కళ్లు, నిటారుగా నిలబడిన సన్నటి ఒళ్లు. అవి ఈకలు సరిగ్గా రాని గుడ్లగూబ పిల్లలు. ఎంత ముచ్చటగా ఉన్నాయో! పాడుబడ్డ ఇళ్లలో రాత్రిపూట వినపడే ఆ ఆడమనిషి కేకలు చాలాసార్లు వీటి తల్లివే.

కొల్లేటికి మళ్లీ మళ్లీ వెళ్తూనే ఉన్నాను, దీపాల కోసమే. నా కంటికి ఒక్కసారి కూడా కనపడలేదు. సరస్సే మారిపోయింది. 1999లో అయిదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా అభయారణ్యం అన్నారు, 2002లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు, మళ్లీ గట్లు లేచాయి. కిక్కిస కుళ్లే బురద నేలలు తగ్గాయి. గట్ల మీద తెల్లవార్లూ లైట్లు. చీకటే లేదు.

2025లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ జారే బృందం ఒక పరిశోధన ప్రచురించింది. మీథేన్, గాలి కలిసిన అతి చిన్న బుడగలు నీళ్లలో ఒకదానికొకటి దగ్గరైనప్పుడు వాటి మధ్య సూక్ష్మమైన మెరుపులు పుడతాయని, వేగంగా తీసే కెమెరాలతో పట్టుకున్నారు. ఆ మెరుపుకి మీథేన్ వేడి లేకుండా వెలుగుతుందని, చిత్తడి నేలల దీపాలకి ఇదే నిప్పు కావచ్చని వాళ్ల మాట. అగ్గిపుల్ల ఎవరు గీశారన్న ప్రశ్నకి బుడగలే జవాబు! చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. మాస్టారు ఉంటే ఆయనకే ముందు చెప్పేదాన్ని.

బుజ్జికి ఫోన్ చేశాను. ఎప్పుడో ఒక పెళ్లిలో కలిశాక మళ్లీ మాకు మాటలు సాగుతున్నాయి. అంతా ఓపిగ్గా విని అంది: "మా అమ్మ కాదని నాకెప్పుడో తెలుసే. ఆ రాత్రి పిలవాలనిపించింది, పిలిచాను, అంతే. కానీ ఈ మాట అప్పుడు ఊళ్లో ఎవరైనా చెప్పి ఉంటే మా నాన్న ఇల్లొదిలి వచ్చేవాడు కాదు."

కొల్లేటి లంకల్లో, దివిసీమలో, కోనసీమలో, తెలంగాణలో పాత చెరువుల కింద ఆ దీపాలు చూసినవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. వాళ్లు వెళ్లిపోతే ఆ సాక్ష్యం కూడా పోతుంది. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే పక్కన కూర్చుని అడగండి, వాళ్ల మాటల్లోనే రాసిపెట్టండి. ఏ నెల, చీకటా వెన్నెలా, నేల తడా పొడా, ఎంత ఎత్తు, ఏ రంగు, పొగ ఉందా, వాసన ఉందా, కదిలిందా నిలబడిందా. దాన్ని ఊళ్లో ఎవరి పేరుతో పిలిచారో, ఆ ఇంటివాళ్లు తర్వాత ఏమయ్యారో అది కూడా తప్పకుండా రాయండి.